టేపు బాబాయి బాగుచేసిన వైరు

టేపు బాబాయి భార్య బట్టల మూటతో గడప దాటడం చూసి, అలిగి పుట్టింటికి పోయిందని వీధంతా ఒకటే గుసగుస. ఒట్టి మాట. ఆవిడ ఇస్త్రీకని పక్కింటికి వెళ్ళింది, అంతే.

ఇంట్లో ఇస్త్రీపెట్టె లేక కాదు. దాని వైరు ప్లగ్గు దగ్గర చిరిగి రాగి తీగలు బయటపడ్డాయి. చెడిన ముక్క కోసి పారేసి, మిగిలినదానికి కొత్త ప్లగ్గు బిగిస్తే సరి. ఆ మాత్రం ప్లగ్గులమ్మేవాడైనా చెబుతాడు. ఈ మహానుభావుడు మాత్రం నల్ల టేపు మీద టేపు చుట్టి, మేకను మింగిన కొండచిలువలా ఉబ్బించి, వచ్చేపోయే వాళ్ళందరికీ చూపించి మురిసిపోయాడు. వైరు వేడెక్కి టేపు జిగురు వదిలింది. ప్లగ్గు తీయబోయిన ఆవిడకు షాకు కొట్టి, చెయ్యి మోచేతి దాకా జివ్వుమంది.

పరుగెత్తుకొచ్చిన బాబాయి ముందు చూసింది వైరునే. "ఏమే, మెలి తిప్పావా?" అని గదమాయించి, మళ్ళీ టేపు చుట్ట తీశాడు.

"మీ పనితనానికో దండం! ఇంకోసారి కొడితే నేనుంటానో పోతానో. ఆ ముక్క కోసి కొత్త ప్లగ్గు పెట్టడానికి మీకేం రోగమండీ?" అని అడిగేసింది.

బాబాయి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"అలా చేస్తే నేను బాగుచేసినట్టు ఎవరికి కనిపిస్తుందే?"