ఏడో కుర్చీ

దయ్యం చూసినామని, మహిమ చూసినామని ఎవరైనా చెబితే, ఎంత దూరం నుంచి చూసినారు, ఎందరు చూసినారు అని అడిగే మనిషిని నేను. ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు. కాబట్టి నేను నమ్మలేదు. ఇది మాత్రం నా కళ్లతో, పన్నెండు మీటర్ల దూరం నుంచి, పట్టపగలు చూసినాను.

మాది తమిళనాడులో వెల్లిచందై పక్కన చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఐదు ఆవులు, కొంచెం టమాటా తోట. నేను చదివింది ఐదో తరగతి. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. నేర్చుకోగలవని చెప్పింది మాత్రం మేరి అక్క. మా వీధి చివర చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్పేది. మేము హిందువులం. అయినా పాలు పోయడానికి పోతే తన పాత లెక్కల పుస్తకం నా చేతిలో పెట్టి, "చేసి తీసుకురా తంబీ, తప్పయితే మళ్లీ చెయ్" అనేది. ఆ వీధిలో ఆమె మాట పట్టుకుని పైకి లేచినవాళ్లు చాలామంది.

అట్లాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. ధర్మపురి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినాక కర్రతో నాలుగడుగులు వేసేది గానీ చర్చికి రాలేదు. చక్రాల కుర్చీ తెస్తే ఎక్కలేదు. "నా కాళ్లతో వస్తాను, లేకపోతే రాను" అనింది. నెలలు గడిచేకొద్దీ ఆ రెండో మాట ఒక్కటే అనడం మొదలుపెట్టింది. మాకు భయం వేసింది. మాత పండుగకైనా ఆమెను నడిపించాలని వీధి అంతా కూడబలుక్కున్నారు.

మూడు రోజులు ఆమె నడకను పెరట్లో చూసినాను. ఆగకుండా నలభై అడుగులు వేస్తుంది, ఒక్కో అడుగు ముప్పై సెంటీమీటర్లు. ఇంటి నుంచి చర్చి గడపకు నాలుగు వందల నలభై అడుగులు. నలభైకి ఒక కుర్చీ వేస్తే కూర్చుంటూ వచ్చేస్తుంది. ఫాదర్ పదకొండు కుర్చీలు కావాలన్నారు. పది చాలు, పదకొండోది చర్చి బెంచీయే అన్నాను. "నీతో వాదిస్తే పూజకు ఆలస్యం అవుతుంది" అని నవ్వినారు. సున్నంతో పది గుర్తులు పెట్టి, పది ఇళ్లకు తలా ఒక కుర్చీ వేసే పని అప్పజెప్పినాను.

పండుగ రోజు ఉదయం అక్క బయలుదేరింది. ప్రతి కుర్చీ పక్కన ఆ ఇంటివాళ్లు నిలబడినారు. ఒకరు మజ్జిగ ఇచ్చినారు, ఒకరు విసనకర్రతో విసిరినారు. నాలుగో ఇంటామె, పక్కింటి కుర్చీలో ఎక్కువసేపు కూర్చున్నావని పోట్లాట పెట్టుకుంది. "పెళ్లి ఊరేగింపు మాదిరే ఉందే, పెళ్లికొడుకు ఏడీ?" అని అక్క అడిగితే అందరం నవ్వినాము.

ఆరో కుర్చీ నుంచి ఆమె లేచి నడక మొదలుపెట్టినాక చూసినాను. ఏడో గుర్తు దగ్గర కుర్చీ లేదు. ఆ ఇంటివాళ్లు చుట్టాలను తీసుకురావడానికి ధర్మపురి బస్టాండుకు పోయినారంట. ఇంటికి తాళం. ఆ ఇంటికి రెండు పక్కలా ఖాళీ జాగాలే. ఆమె ఇరవై అడుగులు దాటేసింది, కర్ర వణుకుతా ఉంది, చెయ్యి పట్టుకోబోతే విదిలించింది. ఇక్కడ పడితే మళ్లీ బయటికి రాదు. కంగారులో వెనకున్న ఆరోది తట్టలేదు, ఎనిమిదో కుర్చీ తెద్దామని ముందుకు పరిగెత్తినాను. దాన్ని ఎత్తుకుని వెనక్కి తిరిగితే, ఆమె కూర్చుని ఉంది.

చేతులున్న చెక్క కుర్చీ. సరిగ్గా సున్నం గుర్తు మీద. ఎవరో వేసినారులే అనుకుని, నా చేతిలోది మళ్లీ దాని చోట పెట్టేసినాను. ఆమె నాలుగు నిమిషాలు కూర్చుని లేచింది. మిగిలిన నూట అరవై అడుగులూ నడిచింది. గడప దాటగానే చర్చి అంతా లేచి నిలబడింది. ఫాదర్ మొదటి ప్రార్థనే రెండుసార్లు మొదలుపెట్టినారు.

పూజ అయినాక కుర్చీలు ఏరినాను. తొమ్మిది. అన్నీ ప్లాస్టిక్‌వే. ఏడో చోట మట్టిలో నాలుగు కాళ్ల అచ్చులు మాత్రం ఉన్నాయి. టేపు పెడితే ముందు కాళ్ల మధ్య యాభై రెండు సెంటీమీటర్లు. మా తొమ్మిదింటిలో ఏదీ నలభై ఐదు దాటదు. తాళం వేసిన ఇంటి కుర్చీ గ్రిల్ లోపల అట్లే ఉంది. నాతో కలిపి అక్కడున్నది పదిహేడు మంది. పదహారు మందినీ విడివిడిగా అడిగినాను. కుర్చీని అందరూ చూసినారు. వేసినవాళ్లు లేరు, తీసినవాళ్లు లేరు. అట్లాంటి కుర్చీ వీధిలో ఏ ఇంట్లోనూ లేదు.

అక్కను అడిగితే, "ఎవరో అప్పుడే లేచి నాకు చోటిచ్చినట్టు వెచ్చగా ఉండింది తంబీ" అనింది.

ఇప్పుడు ఆమె ప్రతి ఆదివారం వస్తుంది. ఎనభై అడుగులు ఆగకుండా నడుస్తుంది కాబట్టి ఐదు కుర్చీలు సరిపోతాయి. వేసేటప్పుడు ఒకసారి, తీసేటప్పుడు ఒకసారి ఎంచుతాను. ఇంతవరకు తేడా రాలేదు. ఆ ఒక్క రోజు లెక్క మాత్రం ఇప్పటికీ నాకు కుదరలేదు. కుర్చీలు తొమ్మిది, ఆమె కూర్చున్నది పదిసార్లు.