ఇంట్లో రాని మిరప ఘాటు

దెయ్యాలనీ, గాలీ ధూళీ అనీ ఎవరైనా కథ మొదలుపెడితే నేను అక్కణ్ణించి లేచి వెళ్ళిపోయే రకం. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రుజువు లేనిదాన్ని ఒప్పుకోవడం నా ఒంటికి పడదు. ఆదివారం చర్చికి వెళతాను, ప్రార్థన చేస్తాను, అది వేరే సంగతి. స్టాఫ్ రూంలో ఎవరైనా గొంతు తగ్గించి "ఆ ఇంట్లో ఏదో ఉందటండీ" అన్నారంటే, "ఎలకలుంటాయండీ" అనేసి కథ గాలి తీసేస్తాను. నా కొలీగ్స్‌కి నా మీద ఆ విషయంలో మంచి కోపం ఉంది.

అలాంటిదాన్ని ఇది రాస్తున్నాను. జరిగింది జరిగినట్టే రాస్తాను. కల్పించి చెప్పడం నాకు ఎలాగూ రాదు.

మాది చిలకలూరిపేటకీ ఒంగోలుకీ మధ్య, హైవే దిగి బాగా లోపలికి వెళితే వచ్చే ఊరు. నల్లరేగడి నేల. మిరప, పత్తి. వాన పడిందంటే ఆ నేల కాలి చెప్పుని వదిలిపెట్టదు. మా నాన్న చెల్లెలు సుగుణమ్మత్త ఆ ఊళ్ళో మిరపకాయ కోతల ముఠాకి పెద్ద. కోతల రోజుల్లో తెల్లారేసరికి ఆడవాళ్ళందర్నీ పోగేసి చేలో దించేది. ఆవిడ గొంతు వినబడితే గట్టు మీద కూర్చున్న మగవాళ్ళు కూడా బీడీ ఆర్పి లేచేవాళ్ళు. అత్తకి పిల్లల్లేరు. మా అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది ఆవిడే. ఏసోబు మామయ్య పోయాక కూడా ఆ ముఠానీ, నన్నూ ఒంటిచేత్తో నడిపింది. అంత ధైర్యం ఉన్న మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

ఊరి చివర ఉండే మా పల్లె నుంచి సమాధుల తోటకి ఒక డొంక ఉండేది. డొంక అంటే చేల మధ్య బండ్లు పోయే దారి. ఎవరి సొంతమూ కాదు, అందరిదీ. పక్క చేను ఏటా కాస్త కాస్త కొరుక్కుంటూ వచ్చి చివరికి దాన్ని మొత్తం మింగేసింది. ఆ చేను సాంబయ్యగారిది. ఆయన్ని దుర్మార్గుడు అనలేను, సగం వాళ్ళ నాన్న హయాంలోనే కలిసిపోయింది. అడగడానికి వెళితే కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చి మరీ చెప్పేవాడు: "ఇక్కడ డొంకున్నట్టు కాగితం చూపిచ్చండి. మారు మాట్లాడకుండా వదిలేస్తా."

కాగితం మా దగ్గరెక్కడిది?

దారి పోయాక ఎవరైనా చనిపోతే పెట్టెను కాలవ కట్ట మీదుగా తిప్పి తీసుకెళ్ళడం మొదలైంది. ఒక వానాకాలం మా చర్చి పెద్ద ఒకాయన పోయాడు. కట్ట మీద మోసేవాళ్ళ కాళ్ళు జారి పెట్టె కాలవలో పడింది. నడుం లోతు నీళ్ళలో దిగి ఎత్తారు. వెనక పాట పాడుతున్నవాళ్ళు మధ్యలోనే ఆపేశారు. ఆ పాట మళ్ళీ ఎవరూ ఎత్తుకోలేదు. ఇంటికొచ్చి అత్త తల తుడుచుకుంటూ, "నన్నట్టా నీళ్ళలో ముంచి తీసుకుపోతే నేనొప్పుకోను. మీ మామ దగ్గిరికి డొంక మీదే పోతా" అంది. మాట ఆవిడ తమాషాగానే అంది గానీ నా చూపు ఆవిడ కాళ్ళ మీదికి పోయింది. వాటికి అప్పటికే నీరు పడుతోంది.

సమాచార హక్కు చట్టం కింద మండలాఫీసుకి దరఖాస్తు పెట్టాను. మంచి తెలుగులో, రెండు పేజీలు. మా డొంకను ఎవరు ఆక్రమించారు, అధికారులు ఎందుకు ఊరుకున్నారు, ఇది న్యాయమేనా అని నిలదీశాను. రాసుకున్నాక నాకే ముచ్చటేసింది. జవాబు రెండే లైన్లు వచ్చింది. మీరడిగినవి అభిప్రాయాలు, సమాచారం కిందకి రావు అని. కోపం వచ్చింది గానీ చట్టం తెరిచి చూస్తే వాళ్ళు చెప్పింది సబబే. ఆఫీసులో ఏ రికార్డు ఉందో దాన్ని అడగాలి. ఎందుకు, ఏమిటి అని తగువు పెట్టుకోవడానికి అది చోటు కాదు.

"రెండోసారి నేనే అడుగుతా" అంది అత్త. రాయడం రానివాళ్ళు నోటితో చెబితే అధికారే రాసుకోవాలని ఆ చట్టంలోనే ఉంది. ఆ ముక్క చదివి వినిపించినప్పటి నుంచీ ఆవిడ కాలు నిలవలేదు. ఆటో కట్టించుకుని వెళ్ళాం.

అక్కడ సమాచార అధికారి ఒక అమ్మాయి. కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది. బల్ల మీద ఫైళ్ళు తల ఎత్తనివ్వకుండా ఉన్నాయి. అయినా అన్నీ పక్కకి జరిపి అత్తకి కుర్చీ వేయించింది. నేను మధ్యలో కల్పించుకోబోతే, "మీరు ఆగండి మేడం, ఆవిణ్ణి చెప్పనివ్వండి" అంది. తలుచుకుంటే ఆ అమ్మాయికి ఇప్పటికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

అత్త గొంతు సవరించుకుని, చేలో కేకేసినట్టే చెప్పింది. "మా ఊరి పాత నక్షా ఉంటదంట గదా తల్లీ. మా పల్లె కాణ్ణించి సమాధుల తోట దాకా అందులో ఏం గీసుందో, అది కావాల. సీలేసిన నకలు."

ఆ అమ్మాయి ఒక్క మాట మార్చకుండా రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకుని రసీదిచ్చింది.

"ఎందుకని అడగరా?" అంది అత్త.

"అడగకూడదమ్మా. కారణం చెప్పక్కర్లేదు మీరు."

అత్త మొహం చూడాలి మీరు! జీవితమంతా ఎక్కడికి వెళ్ళినా "నీకెందుకే" అనిపించుకున్న మనిషి. దారి పొడుగునా ఆటో అతనికి కూడా చెప్పింది, ఎందుకని అడగరంట అబ్బాయా అని.

నెల తిరక్కుండానే జవాబు వచ్చింది. సదరు నక్షా ప్రస్తుతం వెతికినా దొరకడం లేదు, కావాలంటే స్వయంగా వచ్చి రికార్డులు పరిశీలించుకోవచ్చు అని. తప్పించుకోవడానికి రాశారేమో అనుకున్నాను. కాదు, ఆ అమ్మాయే ఫోన్ చేసి మంగళవారం రండి అని చెప్పింది. కానీ ఈలోగా అత్త మంచం పట్టింది. ఒంగోలు డాక్టరు గుండె బలహీనంగా ఉందన్నాడు. అన్నం ముద్ద లోపలికి పోవడం లేదు. ఆవిడ తరఫున నన్ను పంపుతున్నట్టు వేలిముద్ర వేసిచ్చి, "దొరక్కుండా రామాక" అంది. ఎదురింటి సుబ్బులికి అత్తని అప్పజెప్పి నేను వెళ్ళాను.

రికార్డు రూము ఆఫీసు వెనక ఒక పొడుగాటి గది. ఎర్రగుడ్డ మూటలు పైకప్పు దాకా. రికార్డు అసిస్టెంటు కోటయ్యగారు ఒక్కో మూటా దించి, దుమ్ము దులిపి, విప్పి చూపించి, మళ్ళీ కట్టి పెడుతూ ఉన్నాడు. విసుక్కోలేదు. మా ఊరి మూటల్లో ఆ నక్షా లేదు. పక్క ఊళ్ళవి కూడా చూశాం. సాయంత్రమైంది. "ఇంక లేదమ్మా" అన్నాడాయన, తనే ఏదో తప్పు చేసినట్టు. అధికారి అమ్మాయి కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. నాకు ఏడుపొచ్చింది. ఇంటికెళ్ళి అత్త మొహం ఎలా చూడాలో తెలియలేదు.

అప్పుడు దగ్గు వచ్చింది.

దుమ్ము వల్ల వచ్చే దగ్గు కాదు. మా వైపు పుట్టినవాళ్ళకి ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. నిప్పుల మీద ఎండు మిరపకాయలు వేస్తే గొంతులో గుచ్చుకునే కోరు, అదీ. నాకొక్కదానికే అయితే భ్రమ అనుకునేదాన్ని. కోటయ్యగారు కండువా మూతికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ "ఎవరండీ మిరపకాయలు వేయిస్తోంది" అంటూ బయటికి వెళ్ళింది.

అదే సమయానికి నా ఫోన్ మోగింది. సుబ్బులు.

"టీచరుగారూ, అరవమాకండే," అంది. "మీ అత్తకి దిష్టి తీశా. పాస్టరుగారికి చెప్పొద్దు. గుప్పెడు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశానా, ఒక్కరికి దగ్గొస్తే ఒట్టు! కోరే రాలా. ఎంత దిష్టి కొట్టిందో చూడండి."

మా ఊళ్ళో నమ్మకం అది. దిష్టి తీసిన మిరపకాయలు కాలినా ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు. నేను ఫోన్ పట్టుకుని దగ్గుతూనే ఉన్నాను.

"మీరెందుకు దగ్గుతున్నారు?" అంది సుబ్బులు.

ఈలోపు కోటయ్యగారు ఊపిరాడక గది చివరి కిటికీ తెరవబోయాడు. అది తెరుచుకుని ఎన్నేళ్ళయిందో. జల్లు కొట్టకుండా ఎవరో ఎప్పుడో దానికి అడ్డంగా రెండు మూటలు కుక్కి పెట్టారు. ఆయన వాటిని లాగి కిందపడేశాడు. ఒకటి ముడి ఊడి పరుచుకుంది. అందులో మా ఊరి నక్షా ఉంది. అట్టకి అతికించిన గుడ్డ మీద, పల్లె నుంచి సమాధుల తోట దాకా రెండు గీతలు. మధ్యలో సన్నటి అక్షరాలతో 'డొంక'.

కిటికీ తెరిచాక దగ్గు తగ్గింది. ఆ అమ్మాయి తిరిగొచ్చి, చుట్టుపక్కల ఎక్కడా పొయ్యి వెలగడం లేదని చెప్పింది. నక్షా చూసి ఆ మాట మరిచిపోయింది. ఇంటికి వెళ్ళే టైం దాటిపోయినా కూర్చుని నకలు తీయించి, సంతకం పెట్టి, సీలు వేసి నా చేతికిచ్చింది.

నేను ఊరికే నమ్మే మనిషిని కాదని ముందే చెప్పాను. తర్వాత అన్నీ ఆరా తీశాను. అప్పటికి ఇంకా చేలల్లో కాయే పట్టలేదు, కాయ ఎండబోసే కల్లాలు ఎక్కడా లేవు. ఆ మూటల్లో వేపాకు పొడి తప్ప మిరపకాయ తొడిమ కూడా లేదు. ఇక సుబ్బులి మిరపకాయలు ఘాటు చచ్చినవేమో అనుకుని అదే డబ్బాలోవి మర్నాడు పెనం మీద వేయించమన్నాను. వీధి వీధంతా దగ్గింది. నన్ను తిట్టారు కూడా.

ఇవన్నీ చెబితే అత్త పడుకునే నవ్వింది. "ఘాటు ఎక్కడ అవసరమో అక్కడికి పోయింది. నీకెందుకే?" అంది. జీవితంలో మొదటిసారి ఆ మాట తను అనే ఛాన్సు దొరికింది కదా, వదలలేదు.

సాంబయ్యగారు నకలు చూశాడు. అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఆ తర్వాత తన మాట మీద నిలబడ్డాడు. అందుకు ఆయన్నీ మెచ్చుకోవాలి. సర్వేయరు వచ్చి కొలిచి రాళ్ళు పాతాడు. తీరా చూస్తే డొంక మేరంతా మిరప తోట, పూత మీద ఉంది. రేపే పీకేయిస్తానన్నాడాయన. అత్త కబురు పెట్టింది: కాపుకొచ్చే చెట్టు పీకడానికి వీల్లేదు, కోతలయ్యాక వదలమనండి అని.

నాకు భయమేసింది. కోతలంటే ఇంకా నెలలు. ఆవిడ ఆగుతుందా? ఉండబట్టలేక అడిగేశాను.

"కోత కాకుండా ముఠా పెద్ద ఎక్కడికి పోద్దే?" అంది.

ఆగింది. ఆ డొంక మేర కాయ కోసింది అత్త ముఠానే. చివరి కోత రోజు ఆటోలో తీసుకెళ్ళి గట్టు మీద మంచం వేస్తే, పడుకుని కేకలేస్తూనే ఉంది. ఆ వారంలోనే, మధ్యాహ్నం నిద్రలో పోయింది.

డొంక మీదే తీసుకెళ్ళాం. సాంబయ్యగారు మోడులు కొట్టించి దారి చదును చేయించాడు. ఆయన కూడా ఒక భుజం పట్టాడు. కోటయ్యగారు వచ్చాడు, ఆ అధికారి అమ్మాయి కూడా వచ్చింది. దారంతా కోతల్లో పారేసిన తాలు కాయలు, రంగు పోయి ఎండినవి, గుట్టలుగా పడి ఉన్నాయి. ఏరడానికి టైం లేకపోయింది. అంతమంది కాళ్ళ కింద అవి నలిగి పొడైపోతున్నాయి. వేసవి గాలి ఎదురు కొడుతోంది. మామూలుగా అయితే ఆ కోరుకి ఒక్కరు కూడా నిలబడలేరు. నేను కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అని చూస్తున్నాను. కోటయ్యగారు నా వైపే చూస్తున్నాడు.

రాలేదు. ఎందుకు రాలేదో, ఆ రోజు ఆఫీసులో ఎందుకు వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్కరు దగ్గలేదు. సమాధుల తోట దాకా, చివరి చరణం దాకా, పాట ఎక్కడా ఆగలేదు.