సలోమి ఫ్లాపీ

ఏళ్ళ తరబడి నేనొక బరువు మోస్తున్నాను. చూస్తే అరచేతిలో ఇమిడిపోయే అయస్కాంతం ముక్క, అంతే. రైల్వే వర్క్‌షాపులో లేతు కింద పడిన ఇనప రజను ఏరడానికి మాలాంటోళ్ళం జేబులో వేసుకు తిరిగేవాళ్ళం. నా పేరు చెప్పను, మీరు అడగొద్దు. మిగతాదేదీ దాచను. మాటకారినని ఖరగ్‌పూర్లో మా తెలుగోళ్ళంతా అంటారు. ఈ ఒక్క మాటకే ఇన్నాళ్ళూ నోరు పెగల్లేదు.

తొంభైల నాటి సంగతి. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా తెలుగు సంఘం వాళ్ళు ఆడపిల్లలకి కంప్యూటర్ క్లాసు పెడదామన్నారు. సంఘం గదిలో ఒకటే మిషను. నేను పగలు వర్క్‌షాపులో టర్నర్ని, సాయంత్రాలు ఊళ్ళోనే ఇందా అనే పేటలో ఒక కంప్యూటర్ సెంటర్లో ప్రోగ్రామింగ్ చెప్పేవాణ్ణి. అందుకని మేస్టరు నేనే అని అందరికీ తెలుసు. నాకు మరీ బాగా తెలుసు. సెంటర్లో చెప్పే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీయే కొనాలన్నాను. పెద్ద డబ్బా, లావుపాటి పుస్తకాలు, మౌసుతో బటన్లు లాగి పెడితే సగం ప్రోగ్రాం తయారు. ఇప్పటికీ అంటాను, అది మంచి సరుకే.

అప్పుడు సలోమి లేచింది. మా వీధి చివరి క్వార్టర్లో ఉండే రైలు గార్డు గారి అమ్మాయి, అప్పుడే బీయస్సీ పాసయింది. ఎవరో బెంగాలీ దీదీ దగ్గర ఫ్రీగా దొరికే లాంగ్వేజి ఒకటి నేర్చుకుందట. కొనక్కర్లేదు, దొంగ కాపీ కాదు, ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. ప్యాకేజీ అయితే ఈ ఒక్క మిషన్లోనే, అదీ ఫీజు కట్టినోళ్ళకే. ఇదైతే ప్రతి పిల్లా ఫ్లాపీలో పట్టుకుపోవచ్చు, ఎక్కడ మిషను దొరికితే అక్కడ నేర్చుకోవచ్చు, ఫీజు లేకుండా నేనే చెప్తాను అంది. చదువయ్యాక తన చేతికి అందబోతున్న మొదటి పని అది. ఎంత ఆశగా అడిగిందో నాకిప్పటికీ గుర్తే.

సంఘం పెద్దలంతా వర్క్‌షాపులో రిటైరైనోళ్ళు. తగువు తీర్చడానికి వాళ్ళకి తెలిసిన దారి ఒకటే, ట్రేడ్ టెస్టు. ఇద్దరికీ ఒకటే పని ఇచ్చినారు: లైబ్రరీ పుస్తకం ఎవరి దగ్గరుందో చూపించే ప్రోగ్రాం. ఆదివారం మధ్యాహ్నం అందరి ముందూ నడపాలి. వర్క్‌షాపు రూలే ఇక్కడా రూలు, టెస్టుకిచ్చిన ఇనప పీసు పాడైతే ఇంకో పీసు ఇవ్వరు.

శనివారం సాయంత్రం సలోమి సంఘం మిషను మీద నడిపి చూసుకుంది. నేను పక్కనే ఉన్నాను. చకచకా నడిచింది. వెనకాల రాసింది చూస్తే ఒక్క లైను అర్థం కాలేదు. నాకు! ఫ్లాపీ ఇంటికి పట్టుకెళ్ళి, ఆదివారం పొద్దున్నే సైకిలు మీద తెచ్చి మిషను పక్కన పెట్టింది. "అన్నియ్యా, సర్చికెళ్ళి వచ్చేత్తాను, కాస్త సూస్తుండు" అని వెళ్ళిపోయింది.

కాసేపు చూస్తూనే ఉన్నాను. తర్వాత జేబులోంచి అయస్కాంతం తీసినాను. అది తగిలితే ఫ్లాపీలో రాసిందంతా చెరిగిపోతాదని నాకు తెలుసు. ఫ్లాపీ మీద పెట్టి, అటూ ఇటూ, ఇస్త్రీ చేసినట్టు రుద్దినాను.

కోపమా? కాదు. ఆ పిల్లంటే పడదా? ఛ, నాకు చెల్లెలి లెక్క. మరేటి? నీ ప్యాకేజీ మీద నీకంత నమ్మకం ఉంటే అయస్కాంతం ఎందుకురా నీకు? భయం. మేస్టరని పిలిపించుకున్న నోటితో నిన్న మొన్న చదువైన పిల్లని డౌట్లు అడగాల్సి వస్తాదని, ఆమె ముందు బెంచీ మీద కూర్చోవాల్సి వస్తాదని, కూర్చుంటే నాకు తెలిసింది ఇంతేనని ఊరికంతా తెలిసిపోతాదని భయం. న్యాయంగా ఆడితే నేనే గెలిచేవాణ్ణేమో. ఆ సంగతి తేలకుండా చేసిందీ నేనే.

మధ్యాహ్నం మిషను గురగురలాడి, ఫ్లాపీ చదవలేనంది. సలోమి తీసింది, ఊదింది, మళ్ళీ పెట్టింది. దీదీ దగ్గర ఇంకో కాపీ తెచ్చుకుని మళ్ళీ రాస్తానంది. సంఘం పెద్ద అప్పన్న మిస్త్రీ గారు కళ్ళజోడు తీసి, "పీసు పోయిందమ్మా" అన్నారు. నాది నడిచింది. అంతే, నా డబ్బాయే ఖాయమైంది.

అందరూ టీలకి లేచినాక సలోమి నా దగ్గరకి వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు.

"అన్నియ్యా, నిన్న బాగానే నడిసింది. నువ్వూ సూసినావు. నా తప్పేటో సెప్పు."

"ఎలా తెచ్చినావు?"

"టిఫిను సంచీలో. సైకిలు హేండిలుకి తగిలించి."

"అదే మరి. ఎండకి ఫ్లాపీ పాడైపోతాది. ఆ మాత్రం తెలీదేటి?"

"అయ్యో! నేనే పాడుసేసుకున్నాను. సెప్పి మంచిపని సేసినావు అన్నియ్యా."

అక్కడితో ఆగినా బాగుణ్ణు. సలోమి నా క్లాసులోనే చేరింది. ఫీజు కట్టి, ముందు వరసలో కూర్చుంది. ఫ్లాపీని చేతిరుమాల్లో చుట్టి, బైబిలు సంచీలో దోపి, గొడుగు వేసుకుని తెచ్చేది. కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ చెప్పేది, "ఎండలో తేకండే, నాలాగ పోగొట్టుకుంటారు" అని. కొన్నాళ్ళకి పిల్లలంతా అలాగే తేవడంతో, మా సెటిల్‌మెంట్లో సంచీ, గొడుగుతో ఆడపిల్ల ఎదురైతే కంప్యూటర్ క్లాసుకే అని అందరికీ తెలిసిపోయేది. మూలమీద కొట్టు బెంగాలీ దాదా చూసి నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వినాను! అదే నాకు మింగుడుపడదు. ఫీజు కట్టలేని పిల్లలు అసలు రానేలేదు. సలోమి ఆ ఫ్రీ లాంగ్వేజి మళ్ళీ ముట్టుకోలేదు, నా చేతిలో నిలవదులే అనేది. తర్వాత పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిపోయింది.

క్లాసు బాగానే చెప్పినాను. నేర్చుకున్నోళ్ళు ఇప్పటికీ దండం పెడతారు. తీసుకుంటాను, నా చదువు నిజమైనదే. కానీ ఆ కుర్చీ నాది కాదు.

క్షమించమని అడగను. అడిగితే వెంటనే క్షమించేస్తాది, అలాంటి మనిషి. అంత సులువుగా నాకొద్దు. అయినా ఇంతవరకూ రాసేసరికి ఊపిరి కొంచెం బాగా ఆడుతోంది. ఎక్కడున్నా ఇంకా గొడుగు పట్టుకునే తిరుగుతోందేమో. సలోమీ, ఎండ ఏటీ చెయ్యలేదమ్మా. నేను చేసినాను.