బోర్డుకు అంటించని ప్రకటన

పదేళ్లుగా ఒక కాగితం ముక్క నన్ను వదలడం లేదు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, అంతే. దినపత్రిక నుంచి నేనే బ్లేడుతో కోశాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను కరీంనగర్‌లో ఒక చిన్న గ్రంథాలయం చూసుకునేవాణ్ని. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. హైదరాబాదు నుంచి పత్రికలు ఒకరోజు ఆలస్యంగా బస్సులో వచ్చేవి. వాటిలో కథల పోటీ అనో, పుస్తకాలకు బహుమతి అనో ఏది కనిపించినా కోసి, గుమ్మం పక్కనున్న బోర్డుకు అంటించడం నాకు నేనుగా పెట్టుకున్న పని. ఊళ్లో రాసేవాళ్లు పట్టుమని పదిమంది లేరు. అయినా వాళ్ల కోసం వెతుకుతున్నానని, నా అంత పరోపకారి లేడని మురిసిపోయేవాణ్ని.

అంటించడానికి గోందు ఇమ్మని పైవాళ్లను అడిగితే పలకలేదు. దానికి బదులు నర్సయ్య గంజి తెచ్చేవాడు. చొప్పదండి దారిలోని ఒక ఊళ్లో మగ్గం నేసే మనిషి, నాకన్నా ఆరేళ్లు చిన్న. నూలుకు పట్టించడానికి ఇంట్లో కాచిన గంజినే ఒక డబ్బాలో పోసుకుని, నేసిన బట్ట సొసైటీలో అప్పగించడానికి వచ్చే ప్రతి శుక్రవారం నా బల్ల మీద పెట్టేవాడు. ఆ గంజితో అంటించిన కాగితం గాలివానకు కూడా ఊడేది కాదు.

నర్సయ్య ఒక నవల రాశాడు. తన ఊరి నేతగాళ్లు ఒక్కొక్కరే మగ్గం విప్పేసి బొంబాయి దగ్గరి భీవండిలో మరమగ్గాల మీద పనికి పోవడం గురించి. నాలుగు నోటుబుక్కులు నిండాయి. చదవమని నాకిచ్చాడు. చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. కథలోని కష్టానికి కాదు. నా కవితల్లో ఒక్కటైనా ఇలా లేదే అని. అవును, నేనూ రాసేవాణ్ని. ఆ సంగతి మీకు మొదటే చెప్పాల్సింది. చూశారా, ఇప్పటికీ దాయబోయాను.

ఆ ఏడు నర్సయ్యను భీవండి రమ్మని అతని బావమరిది ఒకటే పోరు. పుస్తకం సంగతి ఏదో ఒకటి తేలేదాకా కదలనని ఈయన. చివరికి దసరా దాకా చూస్తానని, అప్పటికీ ఏమీ లేకపోతే వస్తానని మాట ఇచ్చాడు. చూడటమంటే ఏమిటి? నా బోర్డును చూడటమే.

దసరాకు నెల ముందు ఆ ప్రకటన వచ్చింది. కొత్త రచయితల తొలి పుస్తకం అచ్చు వేయడానికి హైదరాబాదులోని ఒక సంస్థ సాయం చేస్తుందట. రాతప్రతి పంపాలి. జిల్లాకు ఒక్కరికే. ఆ 'ఒక్కరికే' దగ్గర నా కన్ను ఆగిపోయింది. ముక్క కోసి బోర్డు దాకా నడిచాను. మళ్లీ వెనక్కి వచ్చి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఒక పూట ఆలోచిద్దామనుకున్నాను. నిజంగా ఆలోచించానా? లేదు. ఆ సాయంత్రమే నా కవితలకు శుద్ధప్రతి రాయడం మొదలుపెట్టాను.

శుక్రవారం నర్సయ్య డబ్బాతో వచ్చాడు.

"అన్నా, పేపర్ల గీ వారమేమన్న వడ్డదా?"

"ఏం వడలే తమ్మీ."

"మంచిగ చూసినవా? మూలకు శిన్నగ ఏస్తరు గద."

"వడితే నీకు చెప్పనా?"

"గట్ల కాదే. నువ్వుండంగ నాకేం ఫికర్."

ఆయన వెళ్లిపోయాక నా కవితల కవరు మూయబోయాను. అంటించడానికి దగ్గర ఇంకేమీ లేదు. ఆ గంజితోనే అంటించాను.

దసరా వెళ్లిన మూడోనాడు భీవండికి బయలుదేరుతూ ఆయన నాలుగు నోటుబుక్కులూ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఏదన్నా పడితే నువ్వే పంపు అన్నాడు. ఆ రోజుకు గడువు ఇంకా పన్నెండు రోజులుంది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు పదేళ్లు పట్టింది. ముక్క జేబులో పెట్టుకున్న రోజు కన్ను కుట్టిందని అనుకోండి, మతి పోయిందని అనుకోండి. కానీ ఆయన రాత నా బీరువాలో ఉండగా, రోజూ పోస్టాఫీసు ముందు నుంచే ఇంటికి నడుస్తూ, పన్నెండు రోజులూ ఒక్కొక్కటిగా వెళ్లనిచ్చాను. దాన్ని ఏమంటారు? నాకైతే మాట దొరకలేదు.

సాయం నాకే వచ్చింది. పుస్తకం అచ్చయింది. శాలువా కప్పారు. ముందుమాటలో ప్రెస్సువాళ్లతో సహా అందరికీ కృతజ్ఞతలు చెప్పాను, నర్సయ్యకు తప్ప. ఆ పుస్తకం ఎవరు చదివారో తెలియదు. సగం కట్టలు ఇప్పటికీ విప్పనేలేదు.

కొన్నాళ్లకు భీవండి నుంచి కార్డు వచ్చింది. "అన్నా, నీ బుక్కు అచ్చయిందని మా ఊరోళ్లు చెప్పిన్రు. మస్తు సంబురమైంది. గా సాయం సంగతి ఏ పేపర్ల వడ్డదో జర రాయి. మల్ల వడితే నాది సుత పంపు." అందులో ఎక్కడైనా ఎత్తిపొడుపు ఉందేమోనని ఎన్నిసార్లు చదివానో! ఉంటే ఎంత బాగుండేది. లేదు. నేను సిగ్గుతో చచ్చిపోయాను, జవాబు మాత్రం రాయలేదు.

పోయిన నెల ఉన్నదున్నట్టు అంతా రాసి అదే చిరునామాకు పంపాను. తిరిగొచ్చింది. కవరు మీద పోస్టుమాన్ మరాఠీలో ఏదో గీకాడు. ఆదిలాబాద్ నుంచి బదిలీ మీద వచ్చిన, మరాఠీ తెలిసిన గుమాస్తాతో చదివించుకున్నాను.

"గా మనిషి ఆడ లేడంట సార్. యాడికి పోయిండో తెల్వదంట."

నోటుబుక్కులు నా దగ్గరే ఉన్నాయి. వాటిని ఎక్కడికి పంపాలి? ఎవరి పేరున? తెలియడం లేదు.

ఇవాళ పొద్దున ఆ ముక్కను బోర్డుకు అంటించాను. పేపరు కోసం వచ్చిన ఒకాయన ఆగి చదివాడు.

"సార్, గిది ఎప్పటిదో పాతది గద. గడువు ఎన్నడో దాటింది."

"అవును. నా దగ్గరనే ఉండె. కావాలనే దాసిన."

ఆయన నన్ను వింతగా చూసి లోపలికి వెళ్లాడు. ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. కాస్త ఊపిరాడినట్టయింది. అంతకు మించి ఏమీ కాలేదు.

బజారు గోందు. సాయంత్రానికే ముక్క ఒక మూల లేచింది. వేలితో అదిమాను. మళ్లీ లేచింది.