తొమ్మిదిలోపు హాజరు

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. మా అమ్మమ్మకు, మేం నానీ అంటాం, జిన్నులంటే గట్టి నమ్మకం. వరంగల్ మట్టెవాడలో మా సందు చివర మూతపడిన ఇల్లు ఒకటుంది. పొద్దుగూకే వేళ దాని ముందు నుంచి జుట్టు విరబోసుకుని పోవద్దని ఆమె అరిచేది. నేను కావాలనే జడ విప్పుకుని పోయి వచ్చేదాన్ని. నాకేమీ కాలేదు, ఆమె నమ్మకమూ పోలేదు. డిగ్రీలో జీవశాస్త్రం చదివాను. ఏదైనా ఉందంటే మైక్రోస్కోపు కింద పెట్టి చూపించమనే రకం నేను.

ఇప్పుడు కూడా జరిగినదాన్ని దయ్యం అనడం లేదు. ఏమనాలో నాకు తెలియదు. ఎవరినీ భయపెట్టడానికి ఇది రాయడం లేదు. కోపంతో రాస్తున్నాను. ఇన్నాళ్లయినా ఆ కోపం తగ్గలేదు, అందులో సగం నా మీదే.

కరోనా తర్వాత బడులు మళ్లీ తెరిచిన ఏడాది నేను వరంగల్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో బీఈడీ చదువుతున్నాను. ఆన్‌లైన్‌లో పాఠం చెప్పడం ఎలాగో నేర్పే ప్రాక్టికల్ ఒకటి మాకుండేది. కాలేజీలో కంప్యూటర్ల గది ఉంది, దానికి తాళం కూడా ఉంది. కంప్యూటర్ల మీద కప్పిన గుడ్డలు కిటికీలోంచి కనిపించేవి. తనిఖీ వచ్చిన రోజు తప్ప వాటిని తీయగా నేను చూడలేదు.

ఆన్‌లైన్ క్విజ్ ఎలా తయారు చేయాలో మా కంప్యూటర్ సార్ నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పాడు. ఎగతాళికి అనడం లేదు, నిజంగా గీశాడు. తెర అంటే ఒక పెద్ద డబ్బా, బటన్లంటే అందులో చిన్న డబ్బాలు. మేము రికార్డుల్లో పెన్సిలూ స్కేలూ పెట్టి ఆ తెరను దించుకుని, స్కెచ్ పెన్నులతో బటన్లకు రంగులు వేశాం. గీత వంకరపోయిందని నాకు ఒక మార్కు తగ్గించాడు. రేపు ఊళ్లల్లో పిల్లలకు ఆన్‌లైన్‌లో చదువు చెప్పాల్సిన వాళ్లం మేము.

ఆ ఏడాది పైనుంచి కొత్త నియమం వచ్చింది. బొమ్మలు చాలవు, ప్రాక్టీసుకు వెళ్తున్న బడిలో ముప్పై మంది పిల్లలతో నిజంగా ఒక క్విజ్ చేయించి, వాళ్ల జవాబుల పట్టికను శుక్రవారంలోగా ఇవ్వాలి. అది లేకపోతే ప్రాక్టికల్ తప్పినట్టే, ఆ ఏడాది పట్టా రానట్టే. దానికి దారి కూడా సారే చూపించాడు. పిల్లలతో కూర్చుని ఎవరు చేయిస్తారు, పేర్లు మీరే వేసి జవాబులు మీరే నింపుకోండి అన్నాడు. క్లాసంతా ఊపిరి పీల్చుకుంది. నాకు ఒళ్లు మండింది. నేను పిల్లలతోనే చేయిస్తానని లేచి నిలబడి చెప్పాను. పక్కన కూర్చున్న నా స్నేహితురాలు స్వప్న నోరు మూసుకొమ్మని నా కాలు తొక్కింది.

నేను ప్రాక్టీసుకు పోయే సర్కారు బడి ములుగు వైపు ఉంది, బస్సులో గంట. నాకు ఎనిమిదో తరగతి ఇచ్చారు. ఆ తరగతి టీచర్ పేరు పద్మ. యాభై దాటిన మనిషి, పిల్లల మీద గొంతు లేపగా నేను వినలేదు. అడగ్గానే హాజరు పట్టీ తీసి ఇచ్చింది, పేర్లున్న పేజీని ఫోటో తీసుకున్నాను.

ఇంట్లో మంచి ఫోన్ ఎవరికి ఉందని తరగతిలో అడిగితే ఎనిమిది చేతులు లేచాయి. అందులో ఐదు ఫోన్లు పొద్దున్నే తండ్రుల జేబుల్లో కూలికి పోతాయి. పోనీ నా ఫోన్ మీదే ఒక్కొక్కరితో చేయిద్దామంటే బడిలో సిగ్నల్ నిలవదు. రెండు రోజులు ఫోన్ పైకెత్తి వరండా ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాను. పిల్లలు నన్ను చూసి నవ్వారు. మూడో రోజుకు నా పౌరుషం చల్లారింది.

అందరి ముందు అంత మాట అన్నదాన్ని, ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, మా మేడమీద గదిలో కూర్చుని నేనే నింపాను.

ఇక్కడి నుంచి ఒక్కొక్కటీ వివరంగా చెబుతాను. ఆన్‌లైన్ ఫారంలో పేరు, రోల్ నంబరు, కణం పాఠం మీద పది ప్రశ్నలు పెట్టాను. ఆ పదీ తప్పనిసరి. ఒక్కటి ఖాళీగా వదిలినా ఫారం ముందుకు పోదు, నేనే పరీక్షించి చూసుకున్నాను. పదకొండో ప్రశ్న, 'ఈ పాఠంలో నీకు అర్థం కానిది ఏమిటి?' ఆ ప్రశ్న రాసినప్పుడు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. దాని కింద ముప్పై సార్లు 'ఏమీ లేదు' అని కొట్టాను.

అందరికీ మంచి మార్కులు వస్తే అనుమానం వస్తుందని కొందరిని ఫెయిల్ చేశాను. ఎవరిని చేయాలో నాకేం తెలుసు? పేరు పట్టీలో అడుగున ఉన్నవాళ్లను చేశాను. వాళ్లు ఎలా చదువుతారో నాకు తెలియదు, సగం మంది మొహాలు కూడా గుర్తు లేవు.

పట్టీలో ఉన్నవి ముప్పై ఒక్క పేర్లు. పదిహేడో నంబరు పేరు మీద ఎర్ర సిరాతో గీత ఉంది. గీత కింద శిరీష అని చదవడానికి వస్తోంది. టీసీ తీసుకుని వేరే బడికి పోయిందేమో అనుకుని వదిలేశాను. సరిగ్గా ముప్పై మిగిలారు. ఫారం లింకు నేను ఎవరికీ పంపలేదు, పంపాల్సిన పనే పడలేదు.

సోమవారం బడికి పోతూ బస్సులో ఫోన్ తీసి చూస్తే జవాబులు ముప్పై ఒకటి ఉన్నాయి.

చివరి వరుసలో పేరు శిరీష, రోల్ నంబరు పదిహేడు. వచ్చిన సమయం ఉదయం ఎనిమిది యాభై ఒకటి. తప్పనిసరి అని నేను పెట్టిన పది ప్రశ్నలూ ఖాళీ. అర్థం కానిది ఏమిటన్న చోట 'ప్రెజెంట్ టీచర్' అని ఉంది.

స్వప్న పనే అనుకున్నాను. సాయంత్రం వెళ్లి నోటికి వచ్చినట్టు తిట్టాను. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఒట్టు నస్రీన్, నేను కాదే. నీ లింకు నా దగ్గర యాడిది? గా శిరీష ఎవలో గుడ నాకు తెల్వది" అంది.

ఆ పేరు ఆమెకు తెలిసే వీలు లేదన్న మాట నాకు అప్పుడు తట్టింది. పట్టీ ఫోటో నా ఫోన్‌లో తప్ప ఎక్కడా లేదు. ఆ వరుసను తీసేశాను.

మంగళవారం మళ్లీ వచ్చింది. ఎనిమిది యాభైకి. అవే ఖాళీలు, అదే మాట. ఈసారి తీసేయడమే కాదు, ఫారాన్నే మూసేశాను. మూసిన ఫారం తెరిస్తే 'ఇక జవాబులు తీసుకోబడవు' అన్న సందేశం తప్ప ఎవరికీ ఏమీ కనబడదు. అయినా బుధవారం ఎనిమిది యాభై మూడుకు వచ్చింది.

నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. ఎవరో నా ప్రాక్టికల్‌తో, నా పట్టాతో ఆటలాడుతున్నారు, బడిలోనే ఎవరో ఉన్నారు అనుకున్నాను. బుధవారం వరుస తీయకుండా అట్లాగే ఉంచి, బస్సులోనే దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకుని, మధ్యాహ్నం తిండి గంటలో పద్మ టీచర్ ముందుకు పోయాను. మీ పిల్లల పేర్లతో దొంగ జవాబులు నింపానని చెప్పడానికి సిగ్గేసింది గానీ చెప్పాను. ఈ శిరీష ఎవరు, ఎక్కడుంటుంది అని గట్టిగానే అడిగాను.

టీచర్ ఫోన్ తీసుకుని చూసింది. టిఫిన్ డబ్బా మూత పెట్టేసింది. జరిగిందంతా చెప్పింది.

బడులు మూసిన ఏడాది ఈ పిల్లలు ఏడో తరగతి, అప్పుడూ ఆమే వాళ్ల తరగతి టీచర్. పాఠాలు టీవీలో వచ్చేవి. పిల్లలు వింటున్నారని రుజువు కావాలని పైనుంచి అడిగేవారు. అందుకని ఆమె తరగతికి ఒక ఫోన్ గ్రూపు పెట్టింది. రోజూ పొద్దున తొమ్మిదిలోపు, ఇంట్లో ఫోన్ ఉన్న ప్రతి పిల్లా 'ప్రెజెంట్ టీచర్' అని పెట్టాలి. ఆమె దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పైకి పంపాలి. శిరీష వాళ్ల గూడెంలో సిగ్నల్ రాదు. వాటర్ ట్యాంకు మెట్లెక్కితే వస్తుంది. తండ్రి పనికి పోయేలోపు ఫోన్ తీసుకుని, మెట్లెక్కి, హాజరు పెట్టి దిగేది. పాఠం కోసం కాదు, ఆ రెండు మాటల కోసం.

ఒకరోజు పది నిమిషాలు ఆలస్యమైంది.

"నేనే గ్రూపుల పెట్టిన బిడ్డా. లేటు, రేపటి సంది తొమ్మిదిలోపు పెట్టాలె అని పెట్టిన" అంది టీచర్.

ఆ రాత్రి వాన పడింది. తెల్లారి ఆ పిల్ల తడిసిన మెట్ల మీద పరుగున ఎక్కుతూ జారి పడింది. ములుగు దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది.

ఆ ఏడాది పరీక్షలు లేవు, అందరినీ పై తరగతికి పంపేశారు. జాబితాలో ఉన్న పేర్లన్నీ ఉన్నట్టుగా ఎనిమిదో తరగతి పట్టీలోకి దిగిపోయాయి. చనిపోయిన పిల్ల కూడా పాసై పైకి వచ్చింది. ఎర్ర గీత పద్మ టీచరే తన చేత్తో కొట్టింది.

ఆమె మీద కోపం రాలేదంటే అబద్ధమవుతుంది. వచ్చింది, మాట కూడా నోటిదాకా వచ్చింది. అంతలో నా చేతిలోని ఫోన్ గుర్తొచ్చింది. రుజువు అడిగారని ఆమె పిల్లల్ని సిగ్నల్ వెతుక్కొమ్మంది. రుజువు అడిగారని నేను పిల్లలే లేని రుజువు తయారు చేశాను. నేను ఎవరిని తిట్టగలను? ఆ రుజువులు అడిగినవాళ్లు ఎక్కడ కూర్చుంటారో, ఎవరైనా వాటిని తెరిచి చూస్తారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

టీచర్ ఎవరు పంపుతున్నారని అడగలేదు. ఎన్ని గంటలకు వస్తోందని అడిగింది. మూడు రోజులూ తొమ్మిదిలోపే అని చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టింది.

"దానికి చెప్పు బిడ్డా. లేటైనా ఏం గాదని చెప్పు."

ఎలా చెప్పాలి? ఫారంలో మనం అడుగుతాం, వాళ్లు చెబుతారు. అంతే గానీ, వాళ్లకు తిరిగి జవాబు పంపే వీలు లేదు. ఆలోచించగా ఆలోచించగా ఒక్క చోటు తట్టింది. మూసిన ఫారం మీద కనబడే సందేశాన్ని మనకు కావాల్సినట్టు మార్చుకోవచ్చు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, 'ఇక జవాబులు తీసుకోబడవు' అన్నది చెరిపేసి, 'శిరీషా, లేటైనా ఏం గాదు. మెల్లగ రా' అని రాశాను. రాస్తున్నప్పుడు నా మీద నాకే చిరాకు వేసింది. నానీ తాయెత్తు కడితే తెంపి పారేసినదాన్ని, ఇదేం పని అనుకున్నాను.

గురువారం బడికి పోకుండా ఇంట్లోనే ఎనిమిదిన్నర నుంచి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదైంది. తొమ్మిదిన్నరైంది. రాలేదు. ఇక రాదనుకున్నాను. పదకొండు నలభైకి వచ్చింది. అదే పేరు, అవే ఖాళీలు. కింద 'ప్రెజెంట్ టీచర్'.

ఆ తర్వాత మళ్లీ రాలేదు.

శుక్రవారం సార్ ఫైళ్లు చూశాడు. నా పట్టికలో ముప్పై రెండు వరుసలు ఉన్నాయి, ముప్పై నావి, రెండు శిరీషవి. ఖాళీ జవాబులున్న ఆ రెంటి దగ్గర వేలు ఆపాడు.

"గీ రెండు తీసెయ్యమ్మా. ముప్పై సాలు. అవి తీసి తే, సంతకం పెడ్త" అన్నాడు.

నేను వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. రెండు తీస్తే పాస్. అంత సులువు. స్వప్న పక్కన నిలబడి, తీసెయ్యవే, నీ కాళ్లు మొక్కుతా అని బతిమాలింది. మా అమ్మీ నా పట్టా కోసం ఎన్ని నమాజుల్లో దువా చేసిందో నాకు తెలుసు.

ముప్పై తీసేశాను. ఆ రెండూ ఉంచాను. అదే ఫైలు సార్ ముందు పెట్టాను. ఇదేం పిచ్చి అన్నాడు. సార్, ఇందులో నేను నింపనివి ఇవి రెండే అన్నాను. నా గొంతు క్లాసంతటికీ వినబడింది. మిగతావాళ్లు వాళ్ల ఫైళ్ల వైపు చూసుకున్నారు. ఆయన ఎర్ర పెన్నుతో 'ఒకే విద్యార్థి, చెల్లదు' అని రాసి నా రికార్డు తోసేశాడు.

ప్రాక్టికల్ తప్పింది. పట్టా ఆరు నెలలు ఆలస్యంగా వచ్చింది. ఇంట్లో నెల రోజులు ఎవరూ నాతో సరిగా మాట్లాడలేదు.

కంప్యూటర్లు తెలిసిన వాళ్లను చాలామందిని అడిగాను. ఎవరో నీ అకౌంట్‌లోకి దూరి ఉంటారని ఒకరన్నారు. సిస్టమ్‌లో ఏదో లోపమని ఇంకొకరన్నారు. కావచ్చు. మూసిన ఫారంలోకి, తప్పనిసరి ప్రశ్నలు దాటుకుని, ఎర్ర గీత కింది పేరుతో వచ్చే లోపం ఎలాంటిదో ఎవరూ చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను.

ఆ రెండూ ఎవరు నింపారో నాకు ఇప్పటికీ తెలియదు. తీసేసిన ముప్పై ఎవరు నింపారో తెలుసు.