తొమ్మిదులు పంపవలసిన చోట

ఎవరైనా వెనకనుంచి "ఏవండీ" అని పిలిస్తే ఇప్పటికీ నా గుండె జారిపోతుంది. ఏళ్ళ తరబడి ఈ భయాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నేను ఏలూరులో ఒక ఆఫీసులో టెక్నీషియన్ని. కొల్లేటి గట్టు మీద నీటిమట్టం కొలిచే మిషను ఉండేది. అది గంటగంటకూ అంకెలను ఉపగ్రహానికి పంపేది, అక్కణ్ణుంచి మా కంప్యూటర్లో పడేవి. ఆ సందేశానికి ఒక వరస ఉంది: ముందు వాన, తర్వాత నీటిమట్టం, చివర బ్యాటరీ. సెన్సరు పనిచేయకపోతే నీటిమట్టం ఉండే చోట అన్నీ తొమ్మిదులు రావాలి. 'నాకు తెలియదు' అని మిషను చెప్పే తీరు అది.

కొల్లేట్లో గుర్రపుడెక్క కలుపు ఊరుకోదు. సెన్సరు గొట్టాన్ని కమ్మేస్తుంది, తొమ్మిదులు మొదలవుతాయి. అవి కనబడితే పై ఆఫీసరు ఫోన్లో చెడామడా తిట్టేవాడు. నాది కాంట్రాక్టు ఉద్యోగం. ఒకరోజు సెట్టింగు మార్చేశాను, కొలత అందకపోతే అంతకుముందు అంకెనే మళ్ళీ పంపేలా. తిట్లు ఆగిపోయాయి. సిగ్గులేకుండా, తెలివైనవాణ్ణనుకున్నాను.

ఆ ఏటి వానలకు, కొల్లేట్లో కలిసే తమ్మిలేరు పొంగింది. మధ్యాహ్నం లంక ఊళ్ళోని టెలిఫోన్ బూతు నుంచి ఏసుపాదం గారు ఫోన్ చేశారు. చేపల చెరువుకు కాపలా ఉండే పెద్దాయన. భార్య దీనమ్మ గారితో చెరువుగట్టు మీదే పాకలో ఉండేవారు. మిషను బిగించినప్పుడు మాకు పడవ ఇచ్చింది ఆయనే.

"ఏవండీ, మీ మిషను ఏవంటందండీ? ఆవిణ్ణి తీసుకుని రోడ్డెక్కేయమంటారా?"

తెర మీద పొద్దుటినుంచీ ఒకటే అంకె. అంత గాలిలో, అంత వానలో కొల్లేరు వెంట్రుకవాసి కదలకుండా ఉంటుందా? ఆ అనుమానం నాకు రాలేదా? వచ్చింది. తెలియదంటే ఎందుకు తెలియదని అడుగుతారు, అడిగితే నేను చేసింది బయటపడుతుంది, బయటపడితే ఉద్యోగం పోతుంది. ఇదంతా ఒక్క క్షణంలో ఆలోచించుకుని మరీ జవాబిచ్చాను.

"ఏం పెరగలేదండీ. కంగారు పడకండి, ఉండండి."

సాయంత్రానికి చెరువుగట్టు తెగింది. దీనమ్మ గారిని పడవవాళ్ళు బయటకు తెచ్చారు. ఆయన కొట్టుకుపోయారు.

మర్నాడు ఊరంతా ఆయన శవం కోసం వెతుకుతుంటే, నేను మిషను దగ్గరికెళ్ళి పాత సెట్టింగు పెట్టేశాను. ఒక్క మీట కూడా తప్పు నొక్కలేదు. విచారణలో మిషను పాతబడిందని రాసుకున్నారు. నేను తలూపాను. తొమ్మిదులకు బదులు ఆ రోజు వచ్చిన అంకెలు ఇంకా కంప్యూటర్లోనే ఉన్నాయి. తెలిసినవాడెవడైనా ఓపిగ్గా చూస్తే నా పని అయిపోతుంది.

మొన్న తాడేపల్లిగూడెం మార్కెట్లో దీనమ్మ గారు ఎదురయ్యారు. తప్పించుకుందామనుకున్నాను. ఆవిడే నా చెయ్యి పట్టుకున్నారు.

"మిషను చెప్పిందే మీరూ చెప్పేరు బాబూ. మీరేం చేస్తారండీ."

అవునన్నట్టు తలూపాను. మళ్ళీ.

మిషను ఆ మాట చెప్పలేదు. నేను చెప్పించాను. ఈ వాక్యం రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. దీనమ్మ గారికి చెప్పే ధైర్యం మాత్రం నాకింకా రాలేదు.