ఎడమ చక్రం ముందు నలభై రోజులు

కప్పగల్లు పోస్టుకు, అంటే మా ఊరికి, నేను చేరింది మధ్యాహ్నం పన్నెండు గంటల ఏడు నిమిషాలకు. బళ్ళారి నుంచి బస్సు. బస్సులో నలభై మంది మనుషులు, పదకొండు కోళ్ళు, ఒక సైకిలు. ఎండ ఎట్లాంటిదంటే, మా ఊరి రాతి గుండ్ల మీద వాలిన కాకి కాళ్ళు మార్చుకుంటూ భరతనాట్యం చేస్తోంది. నా కిట్టు: ఇనుప ట్రంకు ఒకటి, హోల్డాలు ఒకటి, బూట్లు రెండు జతలు, పదిహేనేళ్ళ మిలటరీ సర్వీసు, ఆ పదిహేనేళ్ళూ ఇంటికి రాసిన అబద్ధాలు.

అబద్ధాల సంగతి ముందే చెప్పడం మంచిది. మిలటరీలో నేను స్టోర్‌మన్‌ని. జీపు సామాన్లు పెట్టెల్లోంచి తీసి కౌంటరు మీద పెట్టి సంతకం తీసుకోవడం నా యుద్ధం. కానీ మా అన్నకు రాసిన ఉత్తరాల్లో నేను మంచుకొండల మీద జీపులు విప్పి బిగించాను. ఒక ఉత్తరంలో కాల్పుల మధ్య గేర్‌బాక్సు దించాను. తర్వాతి ఉత్తరంలో దాన్నే ఒంటి చేత్తో ఎత్తాను. అన్న వాటిని హోటలు దగ్గర నిలబడి ఊరంతటికీ చదివి వినిపించేవాడు.

ఎనభైల మొదట్లో, పెన్షను కాగితాలతో దిగిన ఆ రోజు, అన్న నన్ను ఇంట్లోకి కాక నేరుగా ఎద్దుల కొట్టంలోకి తీసుకుపోయాడు. కొట్టంలో ఎద్దులు లేవు. వాటి గజ్జెల పట్టెడలు రెండూ మేకుకు వేలాడుతున్నాయి. ఎద్దులు మేత తినే గాటి ముందర ఒక జీపు నిలబడి ఉంది. గనుల కాంట్రాక్టరు ఒకడు వాడి వాడి వదిలేసిన పాత ఫోర్ వీల్ డ్రైవు. దాని మీది ఎర్రదుమ్ము తీస్తే ఇంకో జీపు తయారయ్యేది.

"ఎద్దులు యాడన్నా?"

"కురుగోడు సంతలో అమ్మితి. నీ ఉత్తరాలు నమ్మి దీన్ని తెచ్చినా. వంక అవతల చేను తెలుసు గదా? వాన పడితే నల్లరేగట్లో బండి కదలదు. పోయినేడు పత్తంతా ఆడనే నల్లబడిపాయ. ఈసారి వానొచ్చే లోపల పత్తి ఇల్లు చేరల్ల. ఏరేది ముగిసేకి, వానొచ్చేకి నలభై దినాలుండాది. ఇది నీ చేతిలో పని."

ఆర్డరు అందింది. సెల్యూట్ కొట్టాలో, వచ్చిన బస్సే ఎక్కాలో తేల్చుకునే లోపల వదిన మజ్జిగ ఇచ్చింది. తాగాను. తాగినవాడు తిరిగి పోకూడదు.

రెండో రోజు జీపు కింద బంకరు తవ్వాం. పొడవు ఆరడుగులు, వెడల్పు మూడు, లోతు నాలుగు. ఆ గుంతలో కూర్చుంటే జీపు కడుపంతా తల మీద ఉంటుంది. వదిన తొంగి చూసింది.

"ఏమప్పా మిలిట్రీ, బాగు చేస్తారంటే పూడ్చి పెడ్తాండారే?"

మూడో రోజు ఉదయం ఆరూ ఇరవైకి చక్రాల మీద దాడి. కుడివైపు రెండు చక్రాలూ పన్నెండు నిమిషాల్లో ఊడివచ్చాయి. నేను మీసం తిప్పాను. ఉత్తరాలు విన్న జనం కొట్టం బయట చేరారు. నా లెక్కలో రెండువేల మంది. అన్న లెక్కలో తొమ్మిది మంది.

ఎడమవైపు ముందు చక్రం దగ్గర శత్రువు ఎదురుతిరిగాడు. నట్టు కదల్లేదు. "ఇంకా గట్టిగా!" అన్నాను. అన్న స్పానరుకు ఆరడుగుల బోరు పైపు తొడిగి దాని మీద ఎక్కి నిలబడ్డాడు. ఫట్! నట్టు రాలేదు, దాన్ని పట్టుకున్న బోల్టే తెగింది. "తుప్పు," అన్నాను ధీమాగా. రెండోది. ఫట్! "పాత ఇనుము," అన్నాను. మూడోది తెగినప్పుడు జనంలో ఎవరో దగ్గారు.

నాలుగో బోల్టు కొసను పంచె చెంగుతో తుడిచాను. దాని మీద చిన్న అక్షరం కొట్టి ఉంది. ఎల్.

స్టోర్లో నా కౌంటరు వెనక రెండు డబ్బాలు పక్కపక్కన ఉండేవి. ఒకదాని మీద ఎడమ, ఇంకోదాని మీద కుడి. చెప్పులకు ఉన్నట్టే నట్లకూ ఎడమా కుడీ ఉంటాయి కాబోలు అనుకున్నాను. ఎందుకని ఎవరినీ అడగలేదు. ఒకసారి ఎడమవి అయిపోతే ఒక డ్రైవరుకు కుడివి ఇచ్చి, "సర్దుకో భాయ్" అన్నాను. అతను అరగంటకు తిరిగివచ్చి వాటిని నా మీదికి విసిరి, మూడు భాషల్లో దీవించి పోయాడు. కారణం ఇప్పుడు, పదేళ్ళ తర్వాత, నా ఎదురుగా ఉంది. ఎడమవైపు మరలు తిరగబడి ఉంటాయి. అందరూ విప్పే వైపు తిప్పితే బిగుస్తాయి.

"అన్నా, ఆ పక్కకు తిప్పు."

"అది బిగించే పక్క గదరా!"

"తిప్పన్నా."

కీచుమంది. నట్టు వచ్చింది. జనం ఈల వేశారు. అన్న వేయలేదు. జనం పోయేదాకా ఆగి, బంకరులో నా పక్కన కూర్చున్నాడు.

"ఒక్క ఎడమ చక్రం ఇప్పినోనికైనా ఇది తెలిసుండల్ల గదా. కాల్పుల మధ్య నువ్వు ఎన్ని ఇప్పితివి?"

పదిహేనేళ్ళలో నా మీద పేలిన తొలి తూటా అదే.

"ఒక్కటీ లేదన్నా. స్టోర్లో కూర్చొని సామాన్లు ఇస్తాంటి."

"మంచుకొండ?"

"చూసినా. కిటికీలోంచి."

"ఒంటి చేత్తో గేర్‌బాక్సు?"

"ఎత్తింది ఇద్దరు సిపాయిలు. నేను సంతకం తీసుకొంటి."

అన్న మేకుకున్న గజ్జెల వైపు చూశాడు. నేను తెగిన బోల్టులు చూశాను.

"సామాన్ల పేర్లన్నా తెలుసునా, అవీ అబద్ధమేనా?"

"పేర్లు తెలుసు. యా పెట్టెలో యాది, దేని పక్కన ఏది పడతాది, అంతా నోటికొస్తాది."

"అట్లయితే నువ్వు పేర్లు చెప్పు, నేను ఇప్పుతా. నాకు పంపుసెట్టు ఇప్పిన చెయ్యుండాది. ఊర్లో మాత్రం నోరెత్తాకు. ఉత్తరాలు చదివింది నేను."

ఆ సాయంత్రం ఐదున్నరకు నా అసలు సర్వీసు మొదలైంది.

బోల్టుల కోసం బళ్ళారి పోయాను. అక్కడి మిస్త్రీ గడ్డానికి గ్రీజు, చెవిలో బీడీ. నా కథ విని నవ్వాడు.

"నేను రానప్పా. చెయ్యి పెట్టకుండా పని యాడొస్తాది? నువ్వే ఇప్పు. రానిది ఈడికి మోసుకొనిరా, చూపిస్తా."

మోశాను. కార్బ్యురేటరు సంచిలో, బ్రేకు షూలు చంకలో, గేర్‌బాక్సు బస్సులో ఒళ్ళో. కండక్టరు దానికి హాఫ్ టికెట్ కొట్టాడు. మిస్త్రీ ఏదీ బాగుచేసి ఇవ్వలేదు. నా చేత విప్పించి, బిగింపించి, మళ్ళీ విప్పించేవాడు. కన్నడంలో "సాకు" అంటే చాలు. "సాకు, ఇంక పో," అన్నాడంటే ఆ పాఠం పాసైనట్టు.

బంకరులో మాటలు పనికిరావు, నోరు తెరిస్తే ఎర్రదుమ్ము పడుతుంది. అందుకే స్పానరుతో సంకేతాలు. ఒక దెబ్బ: క్లచ్ తొక్కు. రెండు: వదులు. వరసగా ఏడెనిమిది: నా వేలు ఇరుక్కుంది. ఇంజను వాల్వులు సందు లేకుండా మూసుకోవాలంటే పేస్టు పూసి, కట్టెకు తగిలించి అరచేతుల మధ్య తిప్పుతూ అరగదీయాలి. మా ఇద్దరికీ రెండు రోజుల్లో చేతులు పొక్కాయి. వదిన చూసి, "కవ్వం తిప్పేది మాకు నేర్పొద్దండి," అని కూర్చుంది. ఆమె తిప్పిన వాల్వు మీద కిరసనాయిలు పోస్తే ఒక్క చుక్క దిగలేదు.

ముప్పై ఎనిమిదో రోజు ఉదయం తొమ్మిదీ పదికి ఇంజను దగ్గింది, తుమ్మింది, నిలబడి పాడింది. ఆ శబ్దానికి బళ్ళారి కోట కదిలిందని నేను ఇప్పటికీ చెబుతుంటాను. ఎవరూ కాదనలేదు.

నలభయ్యో రోజు మబ్బు కమ్మింది. మధ్యాహ్నం మూడు గంటలకు జీపు వెనక ఎద్దులబండి కట్టుకొని వాగు దాటి చేను చేరాం. పత్తి ఎత్తి తాటిపత్రి, అంటే టార్పాలిను పట్టా, కప్పేసరికి నాలుగూ ఇరవై. నాలుగూ ఇరవై ఐదుకు వాన. ఒక్కో చినుకు చెంబంత. నల్లరేగడి చక్రాలను పట్టేసింది. వెనక చక్రాలు అక్కడే తిరుగుతున్నాయి.

"రేయ్, నిలబడిపాయ!"

"ఇంకో లివరుండాదన్నా!"

ముందు చక్రాలకు బలమిచ్చే ఆ లివరు లాగాను. దాని లోపలి గేరు పళ్ళు ఒక్కొక్కటీ నా చేతులతో కడిగినవే. నాలుగు చక్రాలూ ఒకేసారి నేలను పట్టాయి. జీపు వణికి, మెల్లగా కదిలింది. అన్న చెర్నాకోల పట్టుకొని మోకాలి లోతు బురదలో ముందు నడుస్తూ, "హా! హా! రా నాయనా!" అని అదిలిస్తున్నాడు. జీపు ఆయన అదిలింపుకే వచ్చిందని ఆయన నమ్మకం.

ఆరూ పదికి కొట్టం చేరాం. పత్తి తెల్లగా ఉంది. ఇంజను ఆపాను.

తర్వాత ఎన్నో జీపులు విప్పాను, నిజంగానే. వాటిలో దేన్నీ తలుచుకోను. నాకు మిగిలింది ఆ సాయంత్రమే. అన్న తడి చెర్నాకోల మూలన పెట్టాడు. అలవాటుగా బకెట్టు నిండా నీళ్ళు తెచ్చి, ఎద్దు మూతి ఉండేచోట, జీపు ముందర పెట్టాడు. పెట్టి, ఒక క్షణం ఆగాడు. బానెట్టు ఎత్తి, సలసలమంటున్న రేడియేటరు చల్లబడేదాకా పక్కనే నిలబడి, మూత తీసి, చెంబుతో కొంచెం కొంచెంగా పోశాడు. గుటగుటమని తాగింది. బకెట్టు ఖాళీ అయ్యాక, నల్ల బురద అంటిన అరచేత్తో దాని ముక్కు మీద రెండుసార్లు తట్టాడు.